తెరచి మూయని కర్సర్లు

ఈ వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందని తెలుగు ఉపన్యాసకులు అడిగినప్పుడు, కంప్యూటర్ సైన్సు చదివే మాబోటివారికి సాహిత్య పుటలలో ఏమి పని అని మొదట తప్పించుకోజూశాము. "మీ గ్రంథాలయం యాప్ సంగతి వ్రాయండి, అంతకంటె ఏమి కావాలి?" అన్నారు వారు. అది ఘనకార్యంగా చెప్పుకోదగిన కథ కాదు. అయినా ఈ ఆవరణ విడిచి వెళ్లేలోగా తోటి విద్యార్థుల యెదుట, కమిటీ పెద్దల యెదుట ఒప్పుకోవలసిన పొరపాటు ఒకటి అందులో ఉన్నది గనుక సరేనన్నాము. ఈ సంచికను ఒక వైపునుండి తెరిస్తే ఉర్దూ, మరొక వైపునుండి తెరిస్తే తెలుగు. రెండూ నడుమ ఎక్కడో కలుసుకుంటాయి. మా కథ కూడా ఆ రెండు లిపుల నడుమనే నడిచింది.

మేము అంటే చివరి సంవత్సరం విద్యార్థులం ముగ్గురం. ఇద్దరి ఇండ్లలో ఉర్దూ, ఒకరి ఇంట తెలుగు. ప్రాజెక్టుకు ఏ అంశం తీసుకోవాలని తర్జనభర్జన పడుతున్న రోజులలో మా దృష్టి గ్రంథాలయం మీద పడింది. అక్కడ పుస్తకాలన్నింటికీ ఆధారం ఎర్రగుడ్డ అట్టలు వేసిన పెద్ద రిజిస్టర్లు. పుస్తకం వచ్చిన వరుసలో దానికొక సంఖ్య, పేరు, కర్త, వెల. తెలుగు పుస్తకాలకొక రిజిస్టరు, ఉర్దూ పుస్తకాలకు కుడినుండి ఎడమకు వ్రాసినది మరొకటి. అయితే ఏ పుస్తకం ఏ బీరువాలో, ఏ అరలో ఉన్నదో మాత్రం ఏ రిజిస్టరులోనూ లేదు. అది గ్రంథాలయాధికారి గారి జ్ఞాపకంలో ఉన్నది. వారు త్వరలోనే పదవీ విరమణ చేయబోతున్నారు. ఆ జ్ఞాపకాన్ని వారితోపాటు వెళ్లిపోకుండా ఒకచోట భద్రపరచాలని మా సంకల్పం.

వేసవి సెలవులన్నీ వారి ప్రక్కన కూర్చున్నాము. వారు బీరువా తెరచి ఒక్కొక్క పుస్తకమూ తీసి చెప్పడం, మేము టైపు చేయడం. సుమారు 6,000 పుస్తకాలు అట్లా యాప్‌లోకి ఎక్కాయి. పఠనమందిరంలో సిగ్నలు సరిగా అందదు గనుక వివరాలన్నీ ఫోన్‌లోనే ఉండేటట్లు ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ వాడుకున్నాము. రిచర్డ్ హిప్ అనే అమెరికా ఇంజనీరు 2000వ సంవత్సరంలో విడుదల చేసి, హక్కులు తన వద్ద ఉంచుకోక లోకానికి వదిలిపెట్టిన సాఫ్ట్‌వేరు ఇది. ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ముందే ఉంటుంది. ఒక్క పైసా ఖర్చు లేదు. కళాశాలలో ఇందుకని ప్రత్యేకమైన ఫోన్ లేకపోవడంచేత గ్రంథాలయాధికారి గారి సొంత ఫోన్‌లోనే యాప్‌ను అమర్చాము. వారిది పాత ఫోన్. ఉర్దూ కీబోర్డు కూడా అందులో లేదు. తెలుగులోనో, పుస్తకం సంఖ్యతోనో వెదికేవారు.

ప్రారంభోత్సవం నాడు కమిటీ పెద్దలు వచ్చారు. పేరులో మొదటి అక్షరం నొక్కగానే పుస్తకాల జాబితా, రెండవది నొక్కగానే కొంత చిన్న జాబితా, మూడవదానికి ఇంకా చిన్నది - చూసినవారందరూ ముచ్చటపడి ఫోన్ చేతులు మార్చుకుంటూ తమకు తోచిన పుస్తకాలను వెదకసాగారు. అరగంట బాగా గడిచింది. చిట్టచివర ఒక పెద్దమనిషి, తాము ఈ కళాశాలకు బహూకరించిన పుస్తకం ఉన్నదో లేదో చూద్దామని నాలుగు అక్షరాలు నొక్కారో లేదో, తెర ఒక్కసారి తెల్లబోయి యాప్ ఆగిపోయినదనే మాట ప్రత్యక్షమైంది. మళ్ళీ తెరిస్తే పనిచేసింది. కొంతసేపటికి మళ్ళీ ఆగింది.

ఏమైనదని వారు అడిగారు. మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకొని, "ఫోన్ పాతది సర్, మెమరీ చాలడం లేదు" అన్నాము.

ఆ మాటకు మా వద్ద ఆధారమేమీ లేదు. మా ఫోన్‌లలో అట్లా ఎన్నడూ జరగలేదన్నదొక్కటే మా ధైర్యం. గ్రంథాలయాధికారి గారు ఏమీ అనలేదు. ఫోన్‌ను రుమాలుతో తుడిచి జేబులో పెట్టుకున్నారు. మూడు వారాల తరువాత మేము వెళ్లినప్పుడు బల్లమీద కొత్త ఫోన్ ఉన్నది. నెలవారీ కిస్తుల మీద తీసుకున్నారట. "ఇక మీ యాప్‌కు ఏ లోటూ ఉండదు బేటా. ఇందులో ఉర్దూ కూడా వ్రాయవచ్చు" అని, మాకు చూపించడానికి 'దీవానె గాలిబ్' వెదకబోయారు. 'దాల్' నొక్కారు, జాబితా వచ్చింది. 'యే' నొక్కారు. యాప్ మాయమైంది.

ఆ క్షణాన మాకు కలిగిన అవస్థను వర్ణించబోము.

ఇక్కడ కర్సర్ అనే మాటను గురించి కొంత చెప్పాలి. లాటిన్ భాషలో దానికి పరుగెత్తువాడు అని అర్థం. కాలిక్యులేటర్లు రాకముందు ఇంజనీర్లు వాడిన స్లైడ్ రూలు మీద అటూ ఇటూ జరిగే గాజుపలకనూ కర్సర్ అనేవారు. డేటాబేస్‌లో కర్సర్ కూడా అటువంటిదే. రిజిస్టరులో ఒక పేరుకోసం వెదికేటప్పుడు వరుస తప్పకుండా పంక్తి క్రింద వ్రేలు పెట్టుకుంటాము చూడండి, ఆ వ్రేలు అనుకోవచ్చు. డేటాబేస్‌ను ఏదైనా అడిగినప్పుడు అది ఫలితాలన్నింటినీ మూటగట్టి చేతికివ్వదు. ఒక కర్సర్‌ను ఇస్తుంది. దానిని పంక్తి వెంట పంక్తి జరుపుకుంటూ మనమే చదువుకోవాలి. చదవడం ముగిసిన పిమ్మట దానిని మూసివేయాలి.

ఇందులో రెండు మెళకువలున్నాయి. మొదటిది, చేతికి వచ్చినప్పుడు కర్సర్ మొదటి పంక్తి మీద ఉండదు. దానికి పైన, -1 అనే స్థానంలో నిలిచి ఉంటుంది. మొదటి పంక్తికి పొమ్మని ఆజ్ఞాపిస్తే, పోగలిగితే అవునని, అసలు పంక్తులే లేకపోతే కాదని జవాబు చెబుతుంది. మేము ఆజ్ఞాపించాము గాని జవాబు వినలేదు. వెంటనే చదవబోయాము. లేని పంక్తిని చదవమంటే ఆండ్రాయిడ్ ఊరుకోదు. సున్న పంక్తులున్న చోట సున్నవ పంక్తి అడుగుతున్నారని చెప్పి యాప్‌ను అక్కడికక్కడే నిలిపివేస్తుంది. కొత్త ఫోన్‌లో జరిగినది ఇదే. ఏ పుస్తకమూ దొరకని వెదుకులాట ఎవరు చేసినా, ఎంత ఖరీదైన ఫోన్‌లో చేసినా జరిగి తీరుతుంది. మేము పరీక్షించినప్పుడల్లా ఉన్న పుస్తకాలనే వెదికాము. సొంత యాప్‌ను పరీక్షించేవాడు పెళ్లికూతురి తల్లివంటివాడు. లోపం కనబడే వైపుకు చూడడు.

మరి దీవానె గాలిబ్ మా గ్రంథాలయంలో లేదా అంటే ఉన్నది, ఒకటి కాదు మూడు ప్రతులు. ఈ చిక్కు విప్పడానికి మాకు రెండు రోజులు పట్టింది. ఉర్దూ వ్రాసే మిత్రులకు పనికివస్తుంది గనుక చెబుతాము. కంప్యూటరులో ప్రతి అక్షరానికీ యూనికోడ్ వారు ఒక సంఖ్య కేటాయించారు. 'యే' అక్షరానికి అరబీ రూపానిదొక సంఖ్య, ఉర్దూ, పారసీలలో వాడే రూపానిది వేరొక సంఖ్య. 'కాఫ్' సంగతీ అంతే. మాట నడుమ వచ్చినప్పుడు రెండు 'యే'లూ కంటికి ఒక్కటిగానే కనబడతాయి. వేసవిలో మేము ఉర్దూ పేర్లు ఎక్కించినది అరబీ కీబోర్డుతో. మా పరీక్షలూ దానితోనే. గ్రంథాలయాధికారి గారి కొత్త ఫోన్‌లో ఉన్నది అసలైన ఉర్దూ కీబోర్డు. చూపులకు ఒకటే అయిన రెండు అక్షరాలు డేటాబేస్‌కు పరాయివి గనుక, సరైన ఉర్దూలో సరిగా వ్రాసిన మనిషికి ఒక్క పుస్తకమూ లేదని జవాబు వచ్చింది. ఆ ఖాళీ జవాబును చదవబోయి యాప్ కూలింది. ఎక్కించేటప్పుడూ, వెదికేటప్పుడూ రెండు రూపాలనూ ఉర్దూ రూపానికే మార్చుకునేటట్లు సవరించాము. ఇప్పుడు కీబోర్డు ఏదైనా పుస్తకం దొరుకుతుంది.

ఇంతటితో కథ ముగిసినదని కొందరు అనుకోవచ్చు. మేమూ అనుకోవాలని చూశాము. కాని ప్రారంభోత్సవం నాడు ఆ పెద్దమనిషి వెదికిన పుస్తకం లేనిది కాదు. ఆ నాలుగు అక్షరాలను మా ఫోన్‌లలో నొక్కితే పుస్తకం చక్కగా వస్తున్నది. అంటే పాత ఫోన్‌లో మరొక దోషమేదో ఉన్నది. నిజంగా ఫోన్‌దే అయితే మా మాట నిజమవుతుందన్న ఆశ కూడా మనసు అడుగున లేకపోలేదని దాచకుండా చెబుతున్నాము. "సర్, ఆ పాత ఫోన్ ఒకసారి ఇస్తారా?" అని అడిగాము. వారు సొరుగు తెరచి తీసిచ్చి, "పాడైపోయినదన్నారు కదా, మీరే ఉంచుకోండి" అన్నారు. ఎత్తిపొడుపు కాదు. మా మాట నమ్మారు, అంతే.

హాస్టలు గదిలో ఆ ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటరుకు తగిలించి, ఒకరి తరువాత ఒకరం పుస్తకాల పేర్లు నొక్కుతూ కూర్చున్నాము. ముప్పావుగంటకు కూలింది. అది కూలే ముందు వ్రాసిన మరణవాంగ్మూలం కంప్యూటరు తెరమీద కనిపించింది. వాస్తవానికి ఆ వాక్యం మొదటి రోజే వ్రాసి ఉంటుంది, చదివినవారు లేరు. 2048 కిలోబైట్ల కర్సర్ కిటికీకి చోటు దొరకలేదని, ఇప్పటికే తెరచి ఉన్న కర్సర్లు 700 పైచిలుకు అని అందులో ఉన్నది.

700! ఒక మనిషి ఒక పుస్తకం వెదకడానికి!

రెండవ మెళకువ అన్నది ఇదే. కర్సర్ పంక్తులను చూపించడానికి ఫోన్ మెమరీలో ఒక కిటికీ తెరుస్తుంది. దాని పరిమాణం మామూలుగా రెండు మెగాబైట్లు. ఆ పాత ఆండ్రాయిడ్‌లో ఒక్కొక్క కిటికీ, తెరచిన ఫైలుతో సమానంగా ఒక సంఖ్యను పట్టుకుంటుంది. ఒక యాప్ పట్టుకోగలిగిన అటువంటి సంఖ్యలు 1024 మాత్రమే. తెరమీద బొమ్మలకు, ఇతర అవసరాలకు కూడా అందులోనుండే పోవాలి. మా యాప్ ప్రతి అక్షరానికీ డేటాబేస్‌ను క్రొత్తగా అడుగుతున్నది గదా. పది అక్షరాల పేరుకు పది కర్సర్లు. అందులో తొమ్మిదింటితో మరునిమిషానికి పని లేదు, కాని ఒక్కటీ మూయలేదు. డెబ్బై ఎనభై పుస్తకాలు వెదికేసరికి చోటు చెల్లిపోతుంది. మేము అయిదారు పేర్లు చూసి బాగున్నదని ఫోన్ క్రింద పెట్టినవాళ్లం. వారు ఉదయంనుండి సాయంత్రంవరకు నిజంగా వాడినవారు. ఎవరూ వాడని వస్తువును జావాలోని చెత్త ఊడ్చే యంత్రాంగం అప్పుడప్పుడు తీసివేస్తుంది గనుక, ఒకనాడు అరగంటకు, ఒకనాడు రెండు గంటలకు కూలేది. ఈ క్రమంలేనితనమే మమ్మల్ని ఫోన్‌ను అనుమానించేటట్లు చేసింది.

తప్పు ఎక్కడ ఉన్నదో వెదికితే ఒక్క పదంలో ఉన్నది. జాబితాకు క్రొత్త కర్సర్‌ను అందించడానికి ఆండ్రాయిడ్‌లో రెండు పద్ధతులున్నాయి. ఛేంజ్‌కర్సర్ అంటే పాతదానిని తానే మూసి క్రొత్తదానిని తీసుకుంటుంది. స్వాప్‌కర్సర్ అంటే పాతదానిని మూయక మన చేతికి తిరిగి ఇస్తుంది. దాని బాధ్యత ఇక మనది. మేము రెండవది వాడి, తిరిగి ఇచ్చినదానిని అందుకోకుండా వదిలివేశాము. పేర్లు చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి, ఆ రెండు 'యే'ల మాదిరిగానే.

ఆ ఒక్క మాటా మార్చి, మిగిలినచోట్ల చదవడంలో పొరపాటు జరిగినా జరగకపోయినా చివరకు కర్సర్ మూతపడేటట్లు కట్టుదిట్టం చేశాము. జావాలో అందుకు ఏర్పాటు ఉన్నది. కోట్లిన్ భాషలో 'యూజ్' అన్న ఒక్క మాటతో పోతుంది. ఉత్సాహం మితిమీరి మాలో ఒకరు తెరచిన ప్రతిచోటా వెంటనే మూసివేయడం కూడా జరిగింది. జాబితా ఇంకా చదువుతుండగానే కర్సర్ మూతపడి, మూసినదానిని మళ్ళీ తెరవజూస్తున్నారన్న క్రొత్త ఫిర్యాదుతో యాప్ మరొక విధంగా కూలింది. మూయకపోవడం ఒక తప్పు, పని ముగియకముందే మూయడం మరొకటి. చదివేవాడెవడో వానికే మూసే పని అప్పగించాలని అప్పుడు మాకు తెలిసింది. ఇక పుస్తకాల అట్టల ఫోటోలను కూడా డేటాబేస్‌లోనే కుక్కాము. రెండు మెగాబైట్ల కిటికీలో పట్టని ఫోటో ఒకటి తగిలి ఆ పంక్తి వద్ద ఆగిపోయింది. ఫోటోలను విడిగా ఉంచి, వాటి చిరునామాలు మాత్రమే డేటాబేస్‌లో వ్రాశాము.

ఇదంతా చూసిన మా విభాగం ఉపన్యాసకులు, 2017లో గూగుల్ వారు తెచ్చిన రూమ్ అనే సాధనం వాడి ఉంటే ఈ మూసే బాధలు చాలావరకు అదే పడేది గదా అన్నారు. నిజమే. రాబోయే తరగతుల మిత్రులు దానినే వాడాలని మా సలహా కూడా. అయితే రూమ్‌ను సైతం కర్సర్ ఇమ్మని అడిగి తీసుకుంటే, మూసే పని అడిగినవారిదే. అంతకంటె ముఖ్యంగా, తెరచి మూయని వస్తువులను పట్టి చూపించే స్ట్రిక్ట్‌మోడ్ అనే కావలివాడు 2010నుండి ఆండ్రాయిడ్‌లోనే ఉన్నాడు. వానిని మేలుకొల్పితే మొదటి రోజే చెప్పి ఉండేవాడు. పాఠ్యగ్రంథంలో ఆ పేరు చదివాము, పరీక్షలో వ్రాశాము, మార్కులూ వచ్చాయి.

సవరించిన యాప్‌ను పాత ఫోన్‌లోనే వేసి, తనంతట తానే అక్షరాలు నొక్కే చిన్న ప్రోగ్రాము వ్రాసి, ఒక రాత్రంతా నడిపించాము. తెల్లవారి లేచి చూస్తే ఇంకా వెదుకుతూనే ఉన్నది. తెరచి ఉన్న కర్సర్ ఒక్కటి. మామూలుగా అయితే మేము గంతులు వేయవలసిన సమయం. ముగ్గురం మంచాల మీద కూర్చుండిపోయాము. ఫోన్ బాగున్నది. మొదటినుండీ బాగున్నది.

గ్రంథాలయాధికారి గారికి చెప్పాలా అన్న విషయంలో మాలో భేదాభిప్రాయం వచ్చింది. కొత్త ఫోన్‌తో వారు సంతోషంగానే ఉన్నారు, ఉర్దూ వ్రాసుకుంటున్నారు, ఇప్పుడు చెప్పి బాధపెట్టడమెందుకని ఒక వాదన. ఆ వాదనలో మా సిగ్గు పాలెంతో, వారి మీద దయ పాలెంతో విడదీసి చెప్పలేము. చివరకు ఒక శనివారం మధ్యాహ్నం పఠనమందిరం ఖాళీ అయిన తరువాత పాత ఫోన్ పట్టుకొని వెళ్లాము. తప్పు ఫోన్‌ది కాదని, మాదని, ఆనాడు తెలియకుండానే తెలిసినట్లు చెప్పామని చెప్పాము. కిస్తులలో మా వంతు మేము ఇస్తామని కూడా అన్నాము. ఎట్లా ఇవ్వగలమో అప్పటికి ఆలోచించలేదు.

వారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కర్సర్ అంటే ఏమిటని అడిగారు. రిజిస్టరు, వ్రేలు, కిటికీ - మాకు తోచినట్లు వివరించాము. విని, బల్లమీది కార్డుల పెట్టె దగ్గరకు లాక్కొన్నారు. పుస్తకం ఇచ్చినప్పుడు అందులో ఒక కార్డు పడుతుంది. పుస్తకం తిరిగి వచ్చినప్పుడు ఆ కార్డు బయటికి వస్తుంది.

"అంటే మీరు 700 పుస్తకాలు ఇచ్చి ఒక్కటీ తిరిగి తీసుకోలేదన్నమాట" అన్నారు. "నా ఉద్యోగం ఎప్పుడో ఊడేది బేటా."

మేము నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాము. వారే నవ్వారు. కిస్తుల మాట మళ్ళీ ఎత్తబోతే చేత్తో వారించి, "అది నేను ఉర్దూ కోసం కొనుక్కున్నాననుకుంటాను. అయితే ఒకటి. ఆ రోజు కమిటీవాళ్ల యెదుట నా ఫోన్ పాతదన్నారు. వాళ్లకు కూడా చెప్పండి" అన్నారు.

అందుకే ఈ వ్యాసం. ప్రారంభోత్సవం నాడు విచ్చేసిన కమిటీ పెద్దలకు సవినయంగా విన్నవించుకుంటున్నాము: ఆ ఫోన్‌లో ఏ లోపమూ లేదు. అది ఇప్పుడు పఠనమందిరం ద్వారం ప్రక్కన చిన్న బల్లమీద, విద్యార్థులు తామే పుస్తకాలు వెదుక్కోవడానికి ఛార్జరుకు తగిలించి ఉన్నది. ఉర్దూ కీబోర్డు దానిలోనూ మేమే తెచ్చి పెట్టాము. ఎర్రగుడ్డ రిజిస్టర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. క్రొత్త పుస్తకం వస్తే గ్రంథాలయాధికారి గారు ముందు రిజిస్టరులో వ్రాసి, సిరా ఆరినదాకా ఆగి, ఆ తరువాతనే ఫోన్ చేతిలోకి తీసుకుంటారు.